వెళ్ళమనని ఇల్లు

బ్రూక్లిన్,
9 జూన్ 1990

మార్వా తల్లికి, వెల్డా అత్త దీవెనలు. నీ గుమ్మం దగ్గర ప్రభువు కాపలా ఉండును గాక. ఆ గుమ్మం నీది కాదనీ, ఆగస్టు ఆఖరుకి ఖాళీ చేయాలనీ రాశావు. అయినా అప్పటిదాకా కాపలా కావాలి కదా.

నీ ఉత్తరం చదివి ముందు స్తోత్రం చేశాను, తర్వాత కోపం తెచ్చుకున్నాను. సెప్టెంబరు నుంచి నీకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఖాయమైనందుకు స్తోత్రం. మా తమ్ముడు, మీ నాన్న, బతికుంటే బార్బడోస్ అంతా వినబడేలా నవ్వేవాడు. కోపం మాత్రం మీ బాల్టిమోర్ యజమానుల మీద. జనీన్‌కి ఎనిమిదేళ్ళు నిండలేదు, అప్పుడే నాలుగో బడి! అందరూ నవ్వుతూనే ఇల్లిచ్చారు, నవ్వుతూనే ఖాళీ చేయమన్నారు అని రాశావు. "అత్తా, ఇల్లు అందంగా ఉండక్కర్లేదు, మమ్మల్ని వెళ్ళమనకపోతే చాలు" అన్న మాట దగ్గర నా కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

అద్దె కట్టడి ఉన్న ఇల్లే కావాలన్నావు. బాగా అడిగావు. నేను ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉన్నది ఆ కట్టడి పుణ్యానే. ఏటా అద్దె ఎంత పెంచాలో నగరం చెబుతుంది గానీ, యజమాని నోటికొచ్చినంత కాదు. గడువు తీరితే ముఖం చిట్లించుకునైనా లీజు మళ్ళీ రాసివ్వాల్సిందే. అందుకే ప్రతి ఏజెంటూ తన దగ్గరున్నది కట్టడి ఇల్లేనని ఒట్టు వేస్తాడు. ఒట్లు వేసేవాళ్ళ గురించి ప్రభువు ఏమన్నాడో నీకు తెలుసు.

కాబట్టి మోషే కనానుకి పంపిన వేగులవాళ్ళలా నేనే బయల్దేరాను. ముందు బిల్డింగు నుదుటి మీద చెక్కిన సంవత్సరం చూస్తాను, డెబ్భై నాలుగుకి ముందుదై ఉండాలి. తర్వాత గుమ్మం పక్కనున్న బెల్లులు చూస్తాను. ఆరిళ్ళకి తక్కువుంటే కట్టడి వర్తించదు. ఆ తర్వాత మెట్ల మీద కూర్చున్న ముసలమ్మల్లో పాతకాపు ఎవరో కనుక్కుని ఆవిడ పక్కన చతికిలబడతాను. ఏజెంటు గంటసేపు దాచింది ఆవిడ ఒక్క నిట్టూర్పులో చెప్పేస్తుంది.

నిన్న నాస్ట్రాండ్ అవెన్యూ పక్కవీధిలో బిల్డింగు చూసుకునే సూపర్ ఒకడు నన్ను బాయిలర్ గదిలోకి పిలిచి, "అమ్మా, ఇల్లుంది. కానీ తాళంచెవి ఊరికే తిరగదు" అన్నాడు.

"గేహజీ!" అన్నాను.

"నా పేరు గేహజీ కాదు, హెక్టర్."

"ఎలీషా ప్రవక్త దగ్గర పనిచేస్తూ లంచం పుచ్చుకున్నాడే, వాడు గేహజీ! వాడికి కుష్ఠు పట్టింది. నీ చేతులు ఒకసారి చూసుకో, తెల్లబడుతున్నాయేమో."

పాపం, నిజంగానే చూసుకున్నాడు. పొద్దున గోడకి సున్నం వేశాడట. హడలిపోయాడు.

మన చర్చి సంఘం ఇంకా ఆ పాత చెప్పుల కొట్టులోనే నడుస్తోంది. ఆర్గన్ వాయించే బ్రదర్ క్లెమెంట్ అట్లాంటా వెళ్ళిపోయాడు, చప్పట్లతోనే నెట్టుకొస్తున్నాం. చిన్నప్పుడు నీ వేళ్ళు ఆర్గన్ మీద భలే తిరిగేవి. ఊరికే గుర్తొచ్చింది.

వాగ్దాన దేశం గడప దాకా వచ్చేసిన నీ వేగు,
వెల్డా అత్త

బాల్టిమోర్,
16 జూన్

అత్తా,

ఉత్తరం అందింది. గేహజీ కథ జనీన్‌కి చదివి వినిపించాను. అప్పటినుంచి పాలు తాగిన ప్రతిసారీ మూతి చూసుకుంటోంది.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మీ ఊళ్ళో కట్టడి ఇల్లు ఖాళీ అయితే మధ్యాహ్నానికి ఉండదట, మా వార్డులో బ్రూక్లిన్ నుంచి వచ్చిన నర్సు చెప్పింది. నువ్వు చూసేది తొందరగా చూడు, బాగుంటే అక్కడికక్కడే సరేనను. సంతకాలకి నేను రాత్రి బస్సెక్కి వచ్చేస్తాను. లీజుకి కట్టడి హక్కులు రాసిన కాగితాలు జతచేస్తారో లేదో, అది మాత్రం తప్పకుండా అడుగు.

యజమానులకి వాక్యం చెప్పకు అత్తా. అద్దె చెప్పనీ, వాళ్ళు చెప్పింది విను, చాలు.

నా వేళ్ళు ఇప్పుడు సూదులు గుచ్చడానికే తిరుగుతున్నాయి. ఆర్గన్ మర్చిపోయాను.

నీ మేనకోడలు,
మార్వా

బ్రూక్లిన్,
1 జూలై

నా తల్లీ, ఎండ మండిపోతున్న ఈ పట్టణం నుంచి నీకు చల్లని దీవెనలు.

ఇల్లు దొరికింది, పోయింది. కంగారుపడకు, చెప్పేది విను.

చర్చ్ అవెన్యూ వెనక వీధిలో నాలుగంతస్తుల బిల్డింగు. మెట్ల మీద కూర్చున్న ముసలమ్మ, "కట్టడి ఇల్లే. నా మూడో మొగుడి కాలం నుంచీ ఇక్కడే ఉన్నా" అంది. లీజుకి కాగితాలు కూడా జతచేస్తారట. రెండు గదులు, వంటగదిలోకి పొద్దుటి వెలుగు. నా నోటిదాకా సరే అన్న మాట వచ్చేసింది. అప్పుడు స్నానాలగది చూశాను. గోడ మీద పచ్చచార!

లేవీయకాండం పద్నాలుగో అధ్యాయం నీకు గుర్తుండే ఉంటుంది. గోడ మీద పచ్చచారగానీ ఎర్రచారగానీ కనబడితే యాజకుడు ఏంచేయాలి? ఇంటిని ఏడు రోజులు మూయించి, మళ్ళీ వచ్చి చూడాలి. దేవుడే స్వయంగా ఇల్లు ఎలా చూడాలో నేర్పిస్తే నేను కాదంటానా? ఏజెంటుతో, "అబ్బాయ్, తాళం వెయ్యి. ఏడో రోజున వస్తాను. చార పాకకపోతే ఇల్లు తీసుకుంటాం" అన్నాను. అతను నా వంక ఒక రకంగా చూసి, "అలాగేనమ్మా" అన్నాడు. వినయం గల పిల్లాడు అనుకున్నాను.

ఏడో రోజు వెళ్ళేసరికి గయానా నుంచి వచ్చిన జంట ఎవరో కిటికీకి పరదాలు కడుతున్నారు. స్నానాలగది చూస్తానంటే చూడనిచ్చారు. చార లేదు. ఆ అమ్మాయి గుడ్డతో తుడిచేసిందట.

మరో ఇల్లు చూశాను, దాని కింద సారాకొట్టు. ఇంకోటి కట్టడిదే, శుభ్రంగానే ఉంది, కానీ మన సంఘానికి రావాలంటే రెండు బస్సులు మారాలి. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు తిరిగారు, నువ్వు ప్రతి ఆదివారమూ తిరగాలా? వద్దన్నాను.

నిరాశపడకు. ప్రభువు ఒక తలుపు మూశాడంటే అది నీ కొలతకి సరిపోని తలుపన్నమాట.

వేగులవాళ్ళలో ధైర్యం చెప్పిన కాలేబు పక్షాన,
నీ అత్త

బాల్టిమోర్,
8 జూలై

అత్తా,

నేను నర్సుని. పచ్చచార బ్లీచింగు నీళ్ళతో పోతుంది. ఆ గయానా అమ్మాయికి తెలిసింది నీకు చెప్పకపోవడం నాదే తప్పు.

మనసులో మాట ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. సంఘానికి దూరమైన ఇల్లు నీకు ఒక్కటీ నచ్చడం లేదు. దగ్గరున్నదాంట్లో గోడ నచ్చలేదు. అన్నీ పోతే చివరికి నేను మీ ముందుగదిలో పరుపు వేసుకుని, ఆదివారాలు ఆర్గన్ వాయిస్తానని చూస్తున్నావా? నీకు కావలసింది ఆర్గనుకి మనిషా, నాకు ఇల్లా?

సరే, అనేశాను. ఇక అసలు సంగతి. పేపర్లో ప్రకటన చూసి నేనే ఒకాయనకి ఫోన్ చేశాను. మిస్టర్ హోల్డర్, మన బార్బడోస్ మనిషే. ఫ్లాట్‌బుష్‌లో చిన్న బిల్డింగు, ఈ మధ్యే కొన్నాడట. మూడో అంతస్తులో ఇల్లు తయారవుతోంది, ఆగస్టు మధ్యకి ఇస్తానన్నాడు. కట్టడి ఇల్లేనా అంటే, "అమ్మాయీ, కాగితాలతో సహా" అన్నాడు. గొంతు విన్నాక నమ్మాలనిపించింది. ఎవరైనా తెలిసినవాళ్ళ పేరు చెప్పమంటే నీ పేరు చెప్పాను. మా మేనత్త, సంఘ పెద్ద అన్నాను.

అడ్రసు ఉత్తరం వెనక రాశాను. వెళ్ళి సంవత్సరం చూడు, బెల్లులు చూడు, నోరు విప్పకుండా ఇంటికి రా. మాకున్న ఆశ ఇదొక్కటే అత్తా. ఇది పోతే జనీన్ ఐదో బడి ఎక్కడో నాకే తెలియదు.

మార్వా

బ్రూక్లిన్,
22 జూలై

మార్వా! దేవుడి కోపం నుంచి తప్పించుకున్నదానా!

నువ్వు ఆర్గన్ గురించి రాసింది నన్ను గుచ్చింది, కానీ దాని జోలికి ఇప్పుడు పోను. ఇంతకన్నా పెద్ద సంగతుంది. నిన్న మీ హోల్డర్ బిల్డింగు చూసి వచ్చాను. నోరు విప్పకుండానే వెళ్ళాను, సాక్ష్యం ప్రభువే.

సంవత్సరం బాగానే ఉంది. బెల్లులు చూశాను, అయిదు. ఆరోది ఉండాల్సిన చోట కన్నం, దానికి కుక్కిన సిమెంటు! లోపలికి అడుగుపెట్టాను. పైనుంచి దుమ్ము, సుత్తి చప్పుడు. మూడో అంతస్తుకి ఎక్కితే రెండు గుమ్మాలుండాల్సిన చోట ఒకటే ఉంది, రెండోది ఇటుకలతో మూసేసి ఉంది. తలుపు సందులోంచి చూశాను. మధ్యలో పగిలిన గోడ మొండెం, రెండు పక్కలా ఒకే పొడుగాటి గది. ఇద్దరు పనివాళ్ళు సుత్తులతో కొడుతున్నారు.

అర్థమైందా తల్లీ? రెండిళ్ళ మధ్య గోడ కూల్చి ఒకటి చేస్తున్నాడు. ఆరిళ్ళని అయిదు చేసి కట్టడి తప్పించుకోవాలని. యెషయా అయిదో అధ్యాయం కళ్ళముందు నిప్పులా వెలిగింది: ఇంటికి ఇల్లు కలుపుకొనే మీకు శ్రమ! రెండువేల ఏళ్ళకి ముందే ప్రవక్త ఫ్లాట్‌బుష్‌ని చూశాడమ్మా!

ఇంకా నోరు మూసుకుంటే రాళ్ళే కేకలేస్తాయి. పండ్ల కొట్టు ముందు ఖాళీ పాలపెట్టె ఉంటే అడిగి తెచ్చి, పేవ్‌మెంట్ మీద బోర్లించి ఎక్కాను. "ఇంటికి ఇల్లు కలిపేవాడా, దిగిరా!" అని మొదలుపెట్టాను. నాకే తెలియని గొంతు వచ్చింది. కొబ్బరిబోండాల బండివాడు బండి ఆపేశాడు. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "చెప్పమ్మా చెప్పు, మా ఓనరూ అంతే" అన్నాడు.

అంతలో గోధుమరంగు టోపీ పెట్టుకున్న ఆయన దిగొచ్చాడు. "సిస్టర్, నేను హోల్డర్‌ని. ఒక్క మాట."

"ఇవాళ నువ్వు వినాల్సిన రోజు!"

"వింటాను, కానీ ఆ గోడ..."

"ఆ గోడే నీమీద సాక్ష్యం చెబుతుంది!"

"చెప్పనివ్వండి, అదే నేననేది..."

"చెవిగలవాడు వినును గాక!"

టోపీ తీసి తల గోక్కుని లోపలికి పోయాడు. అహాబు రాజు ముందు మీకాయా ప్రవక్త నిలబడ్డట్టు నిలబడ్డాను. దిగేముందు దాక్కునే రకం కాదని తెలియాలి కదా అని నా పేరూ అడ్రసూ, నువ్వు నా మేనకోడలివన్న సంగతీ గట్టిగా చెప్పి మరీ దిగాను.

వేటగాడి వల తప్పింది. మనకి ఇంకో ఇల్లు దొరుకుతుంది. ఆనందంతో చేపవడలు వేయించుకు తిన్నాను.

సింహాల గుహలోంచి క్షేమంగా బయటపడిన
నీ అత్త

బాల్టిమోర్,
26 జూలై

అత్తా,

మిస్టర్ హోల్డర్ ఫోన్ చేశాడు. కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది, నెమ్మదిగా మాట్లాడాడు.

గోడ కూల్చింది ఆయన కాదు, ఆయన కన్నా ముందున్న యజమాని. నువ్వనుకున్న కారణానికే ఆ రెండిళ్ళూ కలిపాడు. అద్దెకున్నవాళ్ళు ఫిర్యాదు చేస్తే అలా కుదరదని తేలి, బిల్డింగు అమ్ముకుని పోయాడు. హోల్డర్ కొన్నాక ఆ పాత మొండెం తీసేసి, మధ్యలో కొత్త గోడ కట్టిస్తున్నాడు. మళ్ళీ రెండిళ్ళు చేయడానికి. ఆ రెండింట్లో ఒకటి మాది. మాది కాబోయింది.

నువ్వు తిట్టింది కలిపినవాణ్ణి కాదు అత్తా, విడదీస్తున్నవాణ్ణి.

"అమ్మాయీ, నీమీద నాకేం లేదు. కానీ నేను ట్యాపు బాగుచేయడం ఒకరోజు ఆలస్యమైతే మీ అత్తయ్య నా గుమ్మంలో పెట్టె వేసుకుంటుంది. వీధిలో పిల్లలు అప్పుడే నన్ను ఇల్లు కలిపే తాత అంటున్నారు. ఇంకెవరికైనా ఇస్తాను" అన్నాడు.

మా ఇంట్లో అట్టపెట్టెలు కట్టడం మొదలైంది, ఎక్కడికో తెలియకుండానే. యాకోబు తన పత్రికలో వినడానికి వేగిరపడు, మాట్లాడడానికి నిదానించు అన్నాడు. నీ బైబిల్లో ఆ పేజీ ఉందా?

వెళ్ళి ఆయనతో మాట్లాడు. వద్దు, మాట్లాడకు. ఏంచేయాలో నాకు తెలియడం లేదు.

మార్వా

బ్రూక్లిన్,
5 ఆగస్టు

మార్వా తల్లీ,

ఆ పేజీ ఉంది. కింద గీత కూడా గీసి ఉంది, నేనే గీశాను. ఇతరుల కోసం గీశాననుకున్నాను.

నీ ఉత్తరం అందిన పూటే బయల్దేరాను. మెట్ల మీద కింది ఇంటి మిస్ ఒడెస్సా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. దక్షిణ కరోలినా మనిషి, నాకన్నా పెద్దది. ముందే ఆవిడ పక్కన కూర్చుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. పాతకాపుని అడగాలని నీకు పాఠం చెప్పిన నేనే ఆ రోజు ఆవిడని దాటుకుని పైకి పరిగెత్తాను.

"వచ్చావా ప్రవక్తా," అంది. "ఇవాళ ఎవరిని కాలుస్తావు?"

"నన్నే," అన్నాను.

"అయితే కూర్చో. చిక్కుడుకాయలు ఒలువు. కాలడానికి తొందరేముంది?"

ఒలిచాను. ఆవిడ చెప్పింది విన్నాను. పాత యజమాని మీద కాగితం పెట్టింది ఆవిడే. హోల్డర్ వచ్చిన మొదటివారమే అందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి గోడ మళ్ళీ కడతానని మాటిచ్చాడట. తర్వాత పైకి ఎక్కాను. కొత్త గోడ నడుముదాకా లేచి ఉంది. తడి సిమెంటు వాసన. మూసిన గుమ్మం తెరిచి కొత్త చట్రం బిగించారు. నెహెమ్యా యెరూషలేము గోడ కడుతుంటే బయట నిలబడి, నక్క ఎక్కినా ఆ గోడ పడిపోతుందని ఎగతాళి చేసిన సన్బల్లటు గుంపు ఒకటుంది. మార్వా, జీవితమంతా నేను నెహెమ్యా పక్షమే అనుకున్నాను. ఆ శనివారం నేను సన్బల్లటుని. పాలపెట్టె ఎక్కిన సన్బల్లటుని!

హోల్డర్ కిటికీ దగ్గర కొలతలు తీసుకుంటున్నాడు. క్షమించమన్నాను.

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాం సిస్టర్," అన్నాడు. "మీరు అరిచింది బయట, వీధంతా వింది. లోపల గుసగుసగా చెప్పే క్షమాపణ నేనేం చేసుకోను?"

న్యాయమే కదా. నిన్న శనివారం, అదే పండ్ల కొట్టుకి వెళ్ళి పెట్టె అడిగాను. కొట్టతను, "మళ్ళీనా?" అన్నాడు. అదే చోట వేసుకుని ఎక్కాను. జనం పోయినసారికన్నా ఎక్కువ. తిట్లు వినడానికే వచ్చారు.

"పోయిన నెల ఇక్కడ నిలబడి ఈయన్ని ఇల్లు కలిపేవాడన్నాను. అబద్ధం చెప్పాను. ఈయన గోడ కట్టేవాడు!" అని నెహెమ్యా గ్రంథం అందుకున్నాను. మొదట నవ్వారు. బస్సు డ్రైవరు, "అమ్మా, ఈసారి ఎవరు దొంగ?" అని అరిచాడు. "నేనే నాయనా, మంచిమనిషి పేరు దొంగిలించాను" అన్నాను. తర్వాత నవ్వు తగ్గింది. నేను మాత్రం దిగలేదు. గుమ్మాలు ఎవరెవరు కట్టారో నెహెమ్యా పేరుపేరునా రాశాడు కదా, ఆ పేర్లన్నీ చదివాను. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి హోల్డర్ టోపీతో విసురుకుంటూ దిగొచ్చాడు.

"సిస్టర్, ఇంకా ఎంతుంది?"

"నెహెమ్యా గ్రంథం పదమూడు అధ్యాయాలు."

"నాలుగోదాంట్లో ఆపేస్తే మీ మేనకోడలికి లీజు పంపిస్తాను."

నా జన్మలో వాక్యం మధ్యలో ఆపింది అదొక్కసారే. ఆయన నవ్వేశాడు, నేనూ నవ్వేశాను. మిస్ ఒడెస్సా గట్టిగా ఆమేన్ అంది.

నువ్వడిగిన ఇంకో మాటకి జవాబు బాకీ ఉన్నాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ నా మనసులో ఒక మూల ఆర్గన్ ఉంది. పచ్చచార మాత్రం నిజంగా లేవీయకాండమే. రెండు బస్సుల ఇల్లు నీకు చెప్పకుండా వద్దనడం మాత్రం ఆర్గనే. క్షమించు. ఇక ఆ మాట ఎత్తను. ఆదివారాలు నిద్రపో.

తగ్గించుకోవడం ఆలస్యంగా నేర్చుకుంటున్న
నీ అత్త

బాల్టిమోర్,
18 ఆగస్టు

అత్తా,

లీజు వచ్చింది. రెండేళ్ళది. వెనక జతచేసిన కాగితాలూ ఉన్నాయి, నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాను. సంతకం చేసి పోస్టులో వేశాక ఇంటికి నడిచి రాలేక బస్టాపులో కాసేపు కూర్చున్నాను. ఏడ్చానని మాత్రం ఎవరికీ చెప్పకు.

మిస్టర్ హోల్డర్ ఒక చీటీ కూడా పెట్టాడు. చలికాలం హీటు రాకపోతే ఫిర్యాదు ఆఫీసుకి కాదు, తిన్నగా నీకే కబురు పెడతానని మిస్ ఒడెస్సా బెదిరిస్తోందట. అందుకని బాయిలరు ముందే కొత్తది వేయించాడట. ఇంత చవకగా పని చేయించుకునే అద్దెదారులు ఊళ్ళో ఎవరూ లేరని రాశాడు.

నీమీద కోపం పోయింది. పూర్తిగా కాదు, ముప్పావువంతు. మిగతాది వచ్చాక చేపవడలు తిని చూస్తాను.

నిన్న రాత్రి భోజనాల బల్ల దగ్గర లీజు నకలు జనీన్‌కి చదివి వినిపించాను. దానికి సగం అర్థం కాలేదు, అయినా ఒక్కో ముక్కకీ ఆపి అడుగుతూనే ఉంది.

"రెండేళ్ళయ్యాక?"

"మళ్ళీ రాసివ్వాలి. రాసివ్వను అనడానికి లేదు."

"హోల్డర్ తాత బిల్డింగు అమ్మేస్తే?"

"కొన్నవాళ్ళూ ఇదే పాటించాలి."

"వాళ్ళకి మనం నచ్చకపోతే?"

"నచ్చకపోయినా. అద్దె కడుతూ, గొడవ చేయకుండా ఉంటే చాలు."

"అయితే మనం వెళ్ళిపోవాలంటే ఏం జరగాలి?"

"మనకే వెళ్ళాలనిపించాలి," అన్నాను.

అలాంటి ఇల్లు ఉంటుందని దానికి తెలియదు అత్తా. నా ముఖం వంక అనుమానంగా చూసింది, నేను నవ్వుతూ చెప్పానని కాబోలు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఆ వాక్యం ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ తనే చదువుకుంది.

"నాకు అనిపించదులే," అంది, పడుకోవడానికి వెళ్తూ.

నీ మేనకోడలు,
మార్వా